పట్టుచీరకు శత్రువు బీరువాలోనే
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

శ్రావణం దగ్గరపడిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం పట్టుచీరల గురించే. చేనేత పట్టును ఇంట్లో ఎలా చూసుకోవాలని ఎక్కువమంది అడిగిన ప్రశ్నలకు నేత, అద్దకం, ఉతుకు పనులు తెలిసినవారు ఇచ్చిన జవాబులివి.

పెళ్లికి కట్టిన చీరను ఇంటికి రాగానే మడతపెట్టి బీరువాలో పెట్టేస్తాను. మా అత్తగారేమో "ముందు ఆరనివ్వమ్మా" అంటారు. తడవని చీరను ఆరబెట్టడమేమిటండీ? కట్టిన ప్రతిసారీ డ్రైవాష్‌కి ఇవ్వాలా? – విజయవాడ

మీ అత్తగారు చెప్పిందే సరి. చీర తడవలేదని మీరనుకుంటున్నారు, కానీ నడుము దగ్గర కుచ్చిళ్లు దోపిన చోట చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ తెలుస్తుంది. ఆ చెమటలో ఉప్పు ఉంటుంది. అది అక్కడే ఎండి నెలల తరబడి ఉండిపోతే రంగు మారుతుంది, పోగు బలం తగ్గుతుంది. పదేళ్ల తర్వాత చీర నడుము దగ్గరే ముందు పిగలడానికి కారణం ఇదే.

విప్పగానే మడతపెట్టకండి. మెత్తటి పాత పంచెను దండెం మీద పరిచి, దాని మీద చీరను లోపలివైపు పైకి వచ్చేలా వేసి, ఎండ పడని గదిలో ఒక రాత్రంతా ఉంచండి. మర్నాడు వెలుతురులో మూడుచోట్ల చూడండి. ఒకటి నడుము భాగం. రెండోది పాదాల దగ్గర అంచు, మట్టి అంటేది అక్కడే. మూడోది చాలామందికి తట్టనిది: వీపు మీద జడ తగిలే చోట పైట. తలనూనె, పూల తడి అక్కడ చేరతాయి. అంచు మట్టిని పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో పోగు వెంబడే దులపండి. తడి గుడ్డతో తుడిస్తే మట్టి కాస్తా మరకవుతుంది.

అక్షింతలు, తలంబ్రాలు పడిన చీరైతే మడతలన్నీ విప్పి దులపాలి. ఫాల్‌కీ అంచుకీ మధ్య ఇరుక్కున్న నాలుగు బియ్యపు గింజలు చాలు, పురుగును పిలవడానికి.

డ్రైవాష్ కట్టిన ప్రతిసారీ అక్కర్లేదు. మరక లేకపోతే, చెమట పెద్దగా పట్టకపోతే, నాలుగైదుసార్లు కట్టాక ఇచ్చినా చాలు. నాలుగు గంటలు వంటింటి పొగలోనో, మే నెల ముహూర్తంలోనో కట్టిందైతే ఒక్కసారికే ఇవ్వండి. సెంటు, డియోడరెంటు చీర కట్టక ముందే వేసుకుని ఆరనివ్వాలి. జరీ మీద కొడితే అక్కడ మచ్చ పడుతుంది.

పోచంపల్లి పట్టుచీరను ఇంట్లో ఉతకొచ్చా? ముదురు ఎరుపు, నలుపు. మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మా పక్కింటి ఆంటీ చెప్పారు. – నల్లగొండ

ఉప్పు సంగతి ముందు తేల్చేద్దాం. సరిగా అద్దని రంగును ఉప్పు నిలబెట్టలేదు. జరీ ఉంటే మాత్రం కచ్చితంగా చెడగొడుతుంది, వెండికీ రాగికీ ఉప్పు పడదు. అది నూలు చీరల కాలం నుంచి వచ్చిన అలవాటు, దాన్ని పట్టు దగ్గరికి తేవద్దు.

ఇంట్లో ఉతకొచ్చో లేదో చెప్పాల్సింది చీరే. కట్టుచెంగు దగ్గర, అంటే లోపలికి దోపుకునే కొస దగ్గర, ప్రతి రంగు మీదా ఒక్కో చోట పరీక్షించండి. తెల్లటి నూలుగుడ్డను తడిపి, పిండి, రంగు మీద పెట్టి వేలితో రెండు నిమిషాలు అదమండి. రుద్దొద్దు. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో తడపకండి, డ్రైవాష్‌కే ఇవ్వండి. పోచంపల్లి చీరలో ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఇక్కత్‌లో నేయకముందే పోగులకు కట్లు కట్టి రంగులు అద్దుతారు కాబట్టి ఎరుపు, నలుపు, తెలుపు పక్కపక్క పోగుల్లోనే ఉంటాయి. ఎరుపు కొంచెం దిగినా పక్కనున్న తెల్ల పువ్వు గులాబీ రంగుకు తిరుగుతుంది. డిజైన్ అంచుల్లో కనిపించే ఆ చిన్న మసక మాత్రం రంగు దిగడం కాదు, ఇక్కత్ లక్షణం. దాన్ని చూసి కంగారుపడొద్దు.

గుడ్డ తెల్లగానే ఉంటే ఇలా చేయండి. 12 నుంచి 15 కుంకుడుకాయలు పగలగొట్టి, గింజలు తీసేసి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిసికి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఒక్క తొక్క మిగిలినా అది చీరకు అతుక్కుని గోధుమరంగు చుక్క అవుతుంది. ఆ రసాన్ని 10 లీటర్ల చల్లటి నీళ్లలో కలిపి, నురుగు వచ్చాకే చీర వేయాలి. చీర మీద రసం పోయకూడదు. చీర మొత్తం ఒకేసారి మునగాలి, సగం తడిసి సగం పొడిగా ఉంటే నీటి గీత పడుతుంది.

అయిదు నిమిషాలకు మించి ఉంచొద్దు. అరచేతులతో అదుముతూ నీటిని చీరలోంచి పోనివ్వండి చాలు. బండకేసి బాదడం, బ్రష్, పిండటం ఏవీ వద్దు. తడిస్తే నూలు బలపడుతుంది, పట్టు బలహీనపడుతుంది. తడి చీరను మెలిపెట్టి పిండితే పోగులు పక్కకు జరిగి, ఆరాక తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. అవి మళ్లీ పోవు. మూడు నీళ్లు మార్చి నురుగు పోయేదాకా జాడించండి. తర్వాత పాత దుప్పటి మీద పరిచి, దుప్పటితో సహా చాపలా చుట్టి, పైన అదిమితే నీరు దిగుతుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరేయండి.

లేత రంగు చీరలకు కుంకుడు రసం వద్దు. దాని రంగు కొంచెం పట్టి, క్రీమ్ చీర మురికిగా కనిపిస్తుంది. వాటికి ఊలు, పట్టు బట్టల కోసమని అమ్మే ద్రవమే మంచిది, బకెట్‌కి రెండు చెంచాలు. మామూలు డిటర్జెంట్ పొడి, సోడా ఏ పట్టుకూ పనికిరావు. పట్టు మన జుట్టులాంటి ప్రొటీన్, క్షారం దాన్ని తినేస్తుంది. బ్లీచింగ్ ద్రవమైతే పోగును కరిగించేస్తుంది, ఇది మాటవరసకు అన్నది కాదు.

క్రీమ్ రంగు చీర, మెరూన్ అంచు. వానలో తడిస్తే అంచు రంగు క్రీమ్ మీదికి దిగింది. ఇప్పుడేం చెయ్యను? – కాకినాడ

తడిగా ఉన్నప్పుడు ఈ ప్రశ్న వచ్చుంటే జవాబు వేరుగా ఉండేది. ఇతరుల కోసం ముందు అది చెబుతాం. రంగు దిగిన చీరను ఆరనివ్వకండి. మడతపెట్టి మూల పడేయకండి, మెరూన్ క్రీమ్ మీద పడి ఉన్నంతసేపూ దిగుతూనే ఉంటుంది. పెద్ద టబ్బులో చల్లటి నీళ్లు నింపి, పట్టు ద్రవం రెండు చెంచాలు కలిపి, చీరంతా ముంచి కదుపుతూ ఉండండి. నీరు రంగు తేలగానే పారబోసి కొత్త నీళ్లు పట్టండి. నీరు తేటగా వచ్చేదాకా ఆరేడుసార్లయినా సరే. తర్వాత అంచు క్రీమ్‌ను తాకకుండా మధ్యలో తెల్లగుడ్డ పెట్టి ఆరబెట్టాలి.

మీ చీర ఆరిపోయింది కాబట్టి ఇంట్లో ఇంకేమీ చేయకండి. ముఖ్యంగా నిమ్మకాయ, ఉప్పు, బ్లీచ్ వద్దు. దిగిన రంగును మందుతో తీసే పని తెలిసిన డ్రైక్లీనర్లు, అద్దకం వాళ్లు ఉంటారు. వారికి రెండు విషయాలు తప్పక చెప్పండి: తడిసి ఎన్నాళ్లయింది, ఈలోగా ఇస్త్రీ చేశారా లేదా. ఇస్త్రీ వేడి తగిలిన రంగు తీయడం బాగా కష్టం. పని మొదలుపెట్టే ముందు ఒక మూల చేసి చూపించమనండి. ఒక్కోసారి దిగిన రంగుతోపాటు క్రీమ్ కూడా తేలిపోతుంది. అప్పుడు చీరంతా ముదురు రంగులో అద్దించడం ఒక దారి. జరీ ఉంటే అద్దకానికి ముందు జరీ సంగతి అడిగి తెలుసుకోండి.

సాంబారు, పసుపు, గోరింటాకు. మూడు చీరలు, మూడు మరకలు! – వరంగల్

మూడింటికీ మూడు కథలు.

సాంబారు పడగానే చెంచా వెనకవైపుతో ముద్దను ఎత్తేయాలి, తుడవకూడదు. అందులో నూనె ఉంది కాబట్టి ముందు నీళ్లు వద్దు. మరక కింద పాత నూలుగుడ్డ మడతపెట్టి, పైన ముఖానికి రాసుకునే పౌడర్ మందంగా, వేలి గోరు మునిగేంత పోయండి. ఒక రాత్రి ఉంచి మెత్తటి బ్రష్‌తో దులపండి. పౌడర్ ముద్దకట్టి పసుపుపచ్చగా మారిందంటే నూనె లాగిందని అర్థం. మళ్లీ కొత్త పౌడర్ వేయండి. రెండు మూడుసార్లకు నూనె దాదాపు పోతుంది. కారం, చింతపండు రంగు మాత్రం మిగులుతుంది, దానికి డ్రైవాష్ తప్పదు. ఒట్టి నూనె, నెయ్యి మరకలు ఈ పౌడర్‌తోనే పోతాయి. అయితే అవి కొత్తవై ఉండాలి. నెలలు గడిచి పసుపురంగుకు తిరిగిన నూనె మరక మీద పౌడర్ పనిచేయదు.

పసుపు మీద సబ్బు పెట్టకండి. సబ్బులోని క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది, చూసినవాళ్లు చీర తగలబడిందని హడలిపోతారు. పసుపును సున్నంతో కలిపితే ఎర్రబడటం పారాణి కలిపిన ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. పసుపు రంగు వెలుతురుకు తేలిపోతుంది. అందుకే నూలు బట్టైతే ఎండలో వేస్తాం. పట్టుకు గట్టి ఎండ పనికిరాదు కాబట్టి మరక ఉన్న భాగం మాత్రం బయటికి ఉంచి, మిగతా చీరను మందపాటి గుడ్డతో కప్పి, పొద్దుటి లేత ఎండలో రోజుకు అరగంట చొప్పున నాలుగైదు రోజులు పెట్టి చూడొచ్చు. ముదురు రంగు చీరకు ఇది వద్దు, చీర రంగే పోతుంది. కుంకుమ పొడి పడితే అసలు తడి తగలనివ్వొద్దు. చీరను నిలువుగా పట్టుకుని వెనకనుంచి వేలితో చిటికెలు కొట్టినట్టు కొడితే రాలిపోతుంది.

గోరింటాకు మాత్రం పోదు. జుట్టుకు, గోళ్లకు ఎలా పండుతుందో పట్టుకూ అలాగే పండుతుంది, రెండూ ప్రొటీన్లే మరి. మరక మీద చిన్న బుటా కుట్టించుకోవడమే మేలు.

డ్రైవాష్‌కి ఇచ్చేటప్పుడు మరక చుట్టూ తెల్లదారంతో నాలుగు పొడుగు కుట్లు వేసి, అది దేని మరకో చీటీ రాసి పెట్టండి. కాఫీ మరకకు వాడేది వేరు, నూనె మరకకు వాడేది వేరు. చెప్పకపోతే అన్నింటినీ ఒకే యంత్రంలో తిప్పి ఇచ్చేస్తారు.

గద్వాల చీర ఉతికాక అంచు అలలు అలలుగా వంకర తిరిగింది. నేతలో లోపమా? – కర్నూలు

లోపం కాదు. మీ చీర మధ్యభాగం నూలు, అంచు, కొంగు పట్టు అయ్యుంటాయి. గద్వాల పాత పద్ధతి అదే. ఈ రెంటినీ మగ్గం మీదే పేక (అడ్డం) పోగులు ఒకదాన్నొకటి పట్టుకునేలా కలుపుతారు, కుప్పడం అంటారు దాన్ని. మొదటి తడికి నూలు పడుగు (నిలువు పోగులు) పొడవునా ముడుచుకుంది, పట్టు అంత ముడుచుకోలేదు. మిగిలిన పట్టు ఎక్కడికి పోతుంది? అలలై నిలబడింది.

చీర కొంచెం చెమ్మగా ఉండగా (నీళ్లు చల్లి కాదు, తడిపి పిండిన దుప్పటిలో అరగంట చుట్టి ఉంచాలి) ఇద్దరు రెండు కొసలు పట్టుకుని నూలు భాగాన్ని పొడవునా మెల్లగా లాగి, వెంటనే లోపలివైపునుంచి ఇస్త్రీ చేయండి. చాలామటుకు సర్దుకుంటుంది. రెండోసారి నుంచి నూలు అంతగా ముడుచుకోదు.

నూలే కదా అని మధ్యభాగానికి చిక్కటి గంజి పెట్టకండి. ఆ గంజి పట్టు అంచుకూ పట్టి, బిరుసెక్కి, కుప్పడం అతుకు దగ్గరే మడత పడి తెగుతుంది. ఇలాంటి చీరలో నూలెంత ఉన్నా ఉతకడం పట్టులాగే ఉతకాలి.

కంచిపట్టు చీర జరీ నల్లబడింది. చింతపండుతో తోమితే మెరుస్తుందా? పక్కనే కలరా ఉండలు ఉన్నాయి, అందుకేనా? – గుంటూరు

వెండిగిన్నెకు చింతపండు సరే, వెండిజరీకి కాదు. మేలైన జరీ అంటే పట్టుదారం మీద సన్నగా సాగదీసిన వెండితీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. ఆ పూత ఎంత పల్చనంటే, ఒక్కసారి తోమితే నలుపుతో పాటు బంగారమూ పోతుంది. టూత్‌పేస్టు, వెండి పాలిష్, నిమ్మరసం అన్నీ ఇదే జాబితాలోకి వస్తాయి. కొందరు పెట్రోలుతో తుడవమంటారు. మంట అంటుకునే ప్రమాదం తప్ప ఒరిగేదేమీ లేదు.

వెండి నల్లబడేది గాలిలోని గంధకం వల్ల. బీరువాలో గంధకం ఎక్కడిదంటారా? చీర కట్టకు వేసిన రబ్బరు బ్యాండు, పక్క అరలో ఉన్న ఊలు శాలువా. వీటిని వేరే చోటికి మార్చండి. రాగితీగకు వెండిపూత వేసిన జరీ ఇంకా త్వరగా నల్లబడుతుంది, చెమట తగిలితే ఆకుపచ్చగానూ మారుతుంది. మీది ఏ రకమో తెలియాలంటే కట్టుచెంగు కొసన ఒక్క జరీపోగును గోటితో గీకండి. తీగ ఊడి లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తే మేలైనది కావచ్చు, రాగిరంగు మెరిస్తే నకిలీ. తీగ బదులు పల్చటి ప్లాస్టిక్ పట్టీలా సాగితే అది నల్లబడదు, కాకపోతే ఇస్త్రీ వేడికి ముడుచుకుంటుంది.

కలరా ఉండలు పురుగును ఆపుతాయి, నిజమే. కానీ చీర మడతలో పెట్టకూడదు. ఆవిరై మళ్లీ గుడ్డ మీదే పేరుకుంటాయి, జరీని తాకిన చోట మచ్చ పడవచ్చు. గుడ్డ మూటలో కట్టి బీరువా పై అరలో వేలాడదీస్తే చాలు, ఆవిరి బరువైంది కనుక కిందికి దిగుతుంది. కలరా ఉండలూ కర్పూరమూ కలిపి ఒకే అరలో పెట్టేవాళ్లు ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: రెండూ తగిలితే మన ఎండాకాలపు వేడికి కరిగి నీరవుతాయి, ఆ నీరు చీర మీదికే కారుతుంది. ఏదో ఒకటే వాడండి. ఆ వాసన ఉన్న చీరతో పురిటిబిడ్డను ఎత్తుకోవద్దు. కొందరు పిల్లల్లో అది రక్తకణాలను దెబ్బతీసి కామెర్లు తెస్తుంది. ముందు రెండు రోజులు గాలికి ఆరవేయాలి.

ఇప్పటికే నల్లబడ్డ జరీకి మెత్తటి పొడిబ్రష్‌తో దుమ్ము దులపడం తప్ప ఇంటి వైద్యం లేదు. అంచు ఒక్కటే పోయి చీర గట్టిగా ఉంటే కొత్త అంచు వేయించుకోవచ్చు.

మాది సముద్రం పక్క. వానాకాలంలో చీరలకు బూజు పడుతోంది. ప్లాస్టిక్ కవర్లలో పెట్టినా అంతే. – విశాఖపట్నం

కవర్లలో పెట్టడం వల్లే. చీరలో ఉన్న చెమ్మ బయటికి పోదు, లోపలే బూజు పెంచుతుంది. షాపువాళ్లిచ్చిన జిప్ కవర్ ఇంటికి తెచ్చుకునేదాకే. ఉతికిన, గంజి లేని పాత తెల్లపంచెల్లోనో మల్లు గుడ్డల్లోనో ఒక్కో చీరను విడిగా చుట్టండి. గంజి ఉంటే సిల్వర్ ఫిష్ పురుగులు చేరతాయి, అవి తినేది గంజినే, మధ్యలో అడ్డొచ్చిన పట్టునూ కొరుకుతాయి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

ఇనుప బీరువా అరలో నేరుగా పెట్టకండి, తుప్పు మరక పట్టు మీద పడితే పోదు. కింద మందపాటి గుడ్డ పరచండి. బీరువాను బయటిగోడకు ఆనించకుండా నాలుగంగుళాలు ముందుకు జరపండి. వానాకాలంలో ఆ గోడ చెమర్చుతుంది, బీరువా వెనకరేకు చల్లబడి లోపలి చెమ్మంతా అక్కడ చేరుతుంది. మీ ఊళ్లో ఇదొక్కటి చేసినా సగం తేడా కనిపిస్తుంది. అరకు నాలుగైదు సిలికా జెల్ సంచులు పెట్టొచ్చు. ఎండిన వేపాకు, వసకొమ్ము సాయం చేస్తాయి గానీ వాటిని గుడ్డసంచిలోనే ఉంచాలి, మూడు నెలలకోసారి మార్చాలి. మురికిగా లోపల పెట్టిన చీరను ఏ ఆకూ కాపాడలేదు.

బూజు పట్టిన చీరను ఇంట్లో దులపకండి, ఆ పొడి మిగతా చీరల మీదికి పోతుంది. ఆరుబయట నీడలో వేసి, పూర్తిగా ఆరాక పొడిబ్రష్‌తో దులిపి, డ్రైవాష్‌కి ఇవ్వండి.

ఇక మడతలు. ఏడాదికి నాలుగుసార్లు, ఉగాదికి, శ్రావణంలో, దసరాకి, సంక్రాంతికి ఎలాగూ బీరువా తెరుస్తారు కదా, ఆ నాలుగుసార్లూ అన్ని చీరలూ తీసి మడత మార్చండి. ఒకసారి వెడల్పును మూడుగా మడిస్తే తర్వాతిసారి నాలుగుగా. గీత ఎప్పుడూ ఒకేచోట పడకపోవడమే ఇందులో కిటుకు. భారీ జరీ చీరైతే మడత లోపల పాత నూలుగుడ్డను చపాతీ కర్రంత లావున చుట్టి పెట్టండి, మడత పదునుగా విరగదు. ఒకదానిపై ఒకటి నాలుగైదు చీరలకు మించి పేర్చొద్దు.

హ్యాంగర్‌కి వేలాడదీయొచ్చా? – తిరుపతి

తేలికపాటి చీర, నెల రోజులకైతే పరవాలేదు. హ్యాంగర్ కమ్మీకి గుడ్డ చుట్టండి. కొంగు నిండా జరీ ఉన్న చీర బరువంతా ఒక్క గీత మీద వేలాడుతుంది, ఏడాదిలో అక్కడే తెగుతుంది.

ఫాల్ కుట్టించాక చీర అంచు ముడతలు పడింది. విప్పి మళ్లీ కుట్టించాలా? – కరీంనగర్

విప్పాల్సిందే. ఫాల్ నూలుగుడ్డ, తడిస్తే ముడుచుకుంటుంది, అంచును తనతో లాగుతుంది. కుట్టించేముందే దాన్ని ఒక రాత్రి నీళ్లలో నానేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి. చవక ఫాల్‌లకు రంగు కూడా దిగుతుంది, నానేసిన నీళ్లు చూస్తే ఆ విషయమూ తేలిపోతుంది. కుట్టేవారికి మిషన్ కుట్టు వద్దని చెప్పండి. సన్న సూదితో, చేతికుట్టుతో, జరీ తీగను పొడవకుండా పోగుల మధ్యనుంచి తీయాలి. పాత కుట్లు విప్పేటప్పుడు దారాన్ని లాగకండి, రెండంగుళాలకోసారి కత్తిరించి ముక్కలుగా తీయండి.

ఇంట్లో ఇస్త్రీ చేస్తే మచ్చలు పడుతున్నాయి. రోలింగ్‌కి ఇస్తే బిరుసుగా వస్తోంది. – రాజమహేంద్రవరం

మచ్చలు నీళ్లు చల్లడం వల్ల వచ్చినవి. నేతలోనో పాలిష్‌లోనో చేరిన జిగురు నీటిచుక్క అంచుకు జరిగి, ఎండి, గుండ్రటి గీతలా మిగులుతుంది. ఇస్త్రీపెట్టెను సిల్క్ గుర్తు దగ్గర పెట్టి, చీరను తిరగేసి, పైన పొడి నూలుగుడ్డ పరిచి చేయండి. జరీ మీద పెట్టెను ఆనించి ఉంచకుండా ఎత్తి ఎత్తి అద్దండి. ఆవిరి ఇస్త్రీపెట్టె నీళ్లు కక్కుతుంటే ఆవిరి ఆపేయండి.

రోలింగ్‌లో చీరకు జిగురునీళ్లు పట్టించి సాగదీస్తారు, బిరుసు అందుకే. నలిగిపోయిన చీర కొత్తదానిలా కనిపిస్తుంది, కాదనం. ప్రతి పండగకూ చేయిస్తే మాత్రం ఆ జిగురు పేరుకుని మడతల దగ్గర విరుగుతుంది, పురుగునూ పిలుస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి చాలు. పిగులుతున్న చీరకు అసలే వద్దు.

కొన్నది అసలు పట్టేనా అని ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? సిల్క్ మార్క్ ఉంటే జరీ కూడా అసలుదేనా? – హైదరాబాద్

సిల్క్ మార్క్ చెప్పేది పట్టు గురించే, జరీ గురించి కాదు. కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టిన గుర్తు అది. జరీ వివరం బిల్లు మీద విడిగా రాయించుకోండి.

ఇంట్లో పరీక్షకు కట్టుచెంగు కొసనుంచి పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి లాగండి. రెండూ చూడాలి, పడుగు పట్టు, పేక వేరేది అయిన చీరలున్నాయి. పటకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద వెలిగించండి. పట్టు జుట్టు కాలిన వాసన వేస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి ఉండ వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. కాగితం కాలిన వాసనతో చివరిదాకా మండితే అది ఆర్ట్ సిల్క్, అంటే కృత్రిమ పట్టు.

అమ్మ పెళ్లినాటి ధర్మవరం చీర. నలభై ఏళ్లది. విప్పుతుంటేనే మడతల దగ్గర చీలుతోంది. కుంకుడు రసంలో ఒకసారి తీస్తే బాగవుతుందా? కట్టుకోవాలని ఉంది. – అనంతపురం

నీళ్లలో పెట్టకండి. చీకిన పట్టు తడిస్తే చేతికి ముక్కలుగా వస్తుంది.

ముందు అది ఎంత చీకిందో చూడాలి. మడత లేనిచోట, కట్టుచెంగు దగ్గర, రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను పట్టుకుని చాలా మెల్లగా పక్కకు లాగండి. గట్టిగా నిలబడితే చీర బాగానే ఉంది, మడతగీతలు మాత్రమే పోయాయి. టప్పున చీలితే పట్టంతా చీకింది. దాన్ని ఏ రఫ్ఫూ నిలబెట్టలేదు, సూది పోటుకే పక్కన ఇంకో చిరుగు వస్తుంది.

మడతలే పోయి ఉంటే చీర మొత్తానికి వెనక సన్నటి నెట్ వేయించండి. చీర రంగుకు దగ్గరగా ఉన్న మెత్తటి నెట్ తీసుకుని, చీలిన గీతల వెంబడి చిన్నచిన్న చేతికుట్లతో పట్టించాలి. బరువు నెట్ మోస్తుంది, పట్టు మోయదు. అప్పుడు ఓ రెండు గంటల పూజకు కట్టుకోవచ్చు. కుచ్చిళ్లను పిన్నుతో బిగించొద్దు. పైట పిన్ను పెట్టక తప్పకపోతే కింద చిన్న గుడ్డముక్క పెట్టి, పట్టును కాకుండా ఆ గుడ్డనూ నెట్‌నూ గుచ్చండి.

పట్టంతా చీకి ఉంటే కట్టే ఆశ వదులుకోండి. ధర్మవరం చీరల్లో అంచు, కొంగు సాధారణంగా మధ్యభాగం కన్నా దిట్టంగా నేసి ఉంటాయి కనుక అవి ఇంకా బలంగా ఉండవచ్చు, పరీక్షించి చూడండి. వాటిని వేరుచేసి కొత్త పట్టు మీద వేయించుకుంటే అమ్మ అంచుతో మీ చీర తయారవుతుంది. విడదీయడం ఇష్టం లేకపోతే మడతపెట్టకండి. బట్టల షాపుల్లో తాను చుట్టే అట్టగొట్టం ఒకటి తెచ్చి, దానికి తెల్ల నూలుగుడ్డ చుట్టి, దాని మీద చీరను జరీ పైకి ఉండేలా వదులుగా చుట్టి, మధ్యమధ్య పల్చటి గుడ్డ వేసి, అడ్డంగా పడుకోబెట్టండి.

పాత జరీ కొంటామని ఇంటికొచ్చేవాళ్లకు చూపించే ముందు చీర తూకం వేసి రాసి పెట్టుకోండి. మొత్తం చీర తూకం వేరు, అందులో వెండి తూకం వేరు. పరీక్ష మీ కళ్లముందు జరగకపోతే ఇవ్వకండి.